బియ్యంలో రాళ్ళు, పాత కారులో తుప్పు

1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికశాస్త్రవేత్త పాత కార్ల బజారు గురించి ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. అంతకుముందు మూడు పత్రికలు దాన్ని వద్దని తిప్పి పంపాయి. 2001లో ఆయనకి వచ్చిన నోబెల్ బహుమతికి మూలం ఆ వ్యాసమే. ఇందులో మనకేం పని అంటారేమో, ఆ వ్యాసంలో మన ఇల్లాలు ఉందండీ! బజారు బియ్యంలో కావాలని కలిపిన రాళ్ళు గింజ రంగులోనే, గింజ ఆకారంలోనే ఉంటాయనీ, భారతదేశంలో ఇల్లాలు వాటిని జాగ్రత్తగా ఏరుకోక తప్పదనీ అందులో ఒక ఉదాహరణ ఇచ్చాడాయన. ఆ వ్యాసం పత్రికల చుట్టూ తిరుగుతున్న రోజుల్లో ఒక ఏడాది ఢిల్లీలో ఉన్నాడు. ఎవరింటి వసారాలోనో చేట పట్టుకుని కూర్చున్న అమ్మని చూసే ఉంటాడని నేననుకుంటాను.

ఆయన చెప్పింది మన అమ్మమ్మలకి తెలిసిన విషయమే. పాత కారులో ఏ లోపం ఉందో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి కొనేవాడు ఎందుకైనా మంచిదని మధ్యరకం ధర చెబుతాడు. మంచి కారున్నవాడు ఆ ధరకి అమ్మబుద్ధి కాక ఇంట్లోనే ఉంచుకుంటాడు. పాడు కారున్నవాడు సంతోషంగా అమ్ముతాడు. అలా బజారులో రాళ్ళే మిగులుతాయి. అమెరికాలో పాడు కారుని ‘లెమన్’ అంటారు, అంటే నిమ్మకాయ. మన పశువుల సంతలో ఇదే కష్టానికి మన పెద్దవాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎద్దు నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టేవారు, సుళ్ళు చూసేవారు, నాలుగడుగులు నడిపించేవారు. అమ్మేవాడి మాట విన్నా, నమ్మేది మాత్రం పళ్ళనే.

మేం డెట్రాయిట్ దగ్గర ఒక ఊళ్ళో ఉంటాం. పోయిన శరదృతువులో మా పిన్ని కొడుక్కి ఇక్కడికి బదిలీ అయింది. వాడి భార్య, అంటే నా మరదలు, బళ్ళో సహాయ టీచరుగా చేరింది. ఉద్యోగం ఇంటికి పద్దెనిమిది మైళ్ళ దూరం, పొద్దున్న ఏడింటికల్లా అక్కడుండాలి. అటువైపు బస్సు లేదు. ఉన్న ఒక్క కారూ వాడు తీసుకెళ్తాడు. ఇక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా కారు లేని ఆడమనిషి అంటే కిటికీలోంచి మంచుని చూస్తూ కూర్చునే మనిషే. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో రెండు చలికాలాలు అలాగే గడిపాను. అందుకే ఆ పిల్ల, “వదినా, చలికాలం రాకముందే నాకో సెకండ్ హ్యాండ్ కారు చూసిపెట్టవా?” అంటే కాదనలేకపోయాను. చూడాలంటే ముందు ఏం చూడాలో తెలియాలి కదా. తెలుసుకుంటూ పోతే అది నూరేళ్ళ కథ అయింది, అందులో సగం ఆడవాళ్ళ కథ.

ఆడవాళ్ళ సుఖాలు

తొలినాటి కార్లు చలికాలానికి పుట్టినవి కావు. ముందు భాగంలో ఇనప హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పితేగానీ ఇంజన్ లేచేది కాదు. చలికి ఆయిల్ చిక్కబడితే హ్యాండిల్ కదిలేదే కాదు. ఒక్కోసారి వెనక్కి తన్ని మణికట్టు విరిచేది. రేడియేటర్లో నీళ్ళు గడ్డకట్టి పగలకుండా రాత్రి నీళ్ళు తీసేసి, పొద్దున్నే మళ్ళీ పోసుకునేవారు. పైకప్పుకి గుడ్డ, పక్కల ఖాళీ. చాలామంది మంచు మొదలవగానే కారుని కొయ్య దిమ్మల మీద ఎత్తిపెట్టి, వసంతం వచ్చాకే మళ్ళీ దింపేవారు.

ఆ రోజుల్లో హ్యాండిల్ అక్కర్లేని బ్యాటరీ కార్లు కూడా ఉండేవి. వాటిని ఆడవాళ్ళ కార్లనేవారు. మా పక్కనే డియర్‌బోర్న్‌లో ఉన్న హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో 1914 నాటి డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారు ఒకటి ఉంది. అది సాక్షాత్తూ హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా నడిపిన కారు. ఊరందరి చేతా మోడల్ టీ కొనిపిస్తున్న మహానుభావుడి ఇంట్లో ఆవిడ వేరే కంపెనీ బ్యాటరీ కారులో తిరిగేది! మొదటిసారి చూసినప్పుడు దాని దగ్గర నిలబడి చాలాసేపు నవ్వుకున్నాను.

1912 కాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చింది. మీట నొక్కితే చాలు, ఇంజన్ లేస్తుంది. దీన్ని కూడా ఆడవాళ్ళ సౌకర్యం అనే ప్రచారం చేశారు. ఫోర్డ్ మోడల్ టీకి కంపెనీయే ఎలక్ట్రిక్ స్టార్టర్ పెట్టి ఇవ్వడానికి 1919 దాకా పట్టింది. వచ్చాక మాత్రం, హ్యాండిలే బాగుందని తిప్పుతూ కూర్చున్న మగవాళ్ళ గురించి నేనెక్కడా చదవలేదు.

వైపర్ కథ కూడా వినండి. మేరీ ఆండర్సన్ అనే ఆవిడ అలబామా నుంచి చలికాలంలో న్యూయార్క్ వచ్చి ట్రాము ఎక్కింది. కురుస్తున్న మంచుకి ముందు అద్దం కనపడక డ్రైవరు పడుతున్న అవస్థ చూసింది. లోపల కూర్చునే మీట తిప్పితే బయట రబ్బరు పట్టీ అద్దం తుడిచేలా ఒక పరికరం ఆలోచించి, 1903 నవంబరులో పేటెంట్ తీసుకుంది. అమ్మబోతే ఒక కెనడా సంస్థ దానికి వ్యాపారపరంగా విలువ లేదని తిప్పి పంపింది. పేటెంట్ గడువు తీరేదాకా ఆవిడ దాని మీద సంపాదించింది లేదు. తర్వాత ప్రతి కారుకీ వైపర్లు వచ్చాయి.

తలుపులు, అద్దాలు, గట్టి పైకప్పు ఉన్న కారు కూడా మొదట్లో ఖరీదైన నాజూకుతనమే. 1919లో అమెరికాలో అమ్మిన కార్లలో అలాంటివి నూటికి పది. 1922లో ఎసెక్స్ అనే కారు మూసిన బండిని తక్కువ తేడాతో అమ్మడం మొదలుపెట్టింది. 1927 నాటికి నూటికి ఎనభై అయిదు మూసిన కార్లే. ఆ 1927లోనే ప్రెస్టోన్ పేరుతో ఇథిలీన్ గ్లైకాల్ బజారులోకి వచ్చి, రేడియేటర్ గడ్డకట్టే బాధ తప్పించింది. అప్పటిదాకా కాళ్ళ దగ్గర బొగ్గు కుంపటి పెట్టుకుని, ఒళ్ళో జంతు చర్మాలు కప్పుకుని వెళ్ళేవారు. 1938లో నాష్ కంపెనీ బయటి గాలిని ఇంజన్ వేడినీళ్ళతో కాచి లోపలికి పంపే హీటర్ తెచ్చింది. అయినా చాలాకాలం హీటర్‌కి విడిగా డబ్బు కట్టాల్సి వచ్చేది. ముందు అద్దం మీది మంచునీ ఆవిరినీ తొలగించే ఏర్పాటు ప్రతి కొత్త కారులోనూ ఉండాలని అమెరికా ప్రభుత్వం నిబంధన పెట్టింది 1968లో.

స్టార్టర్, వైపర్, మూసిన తలుపు, హీటర్. వీటిలో చాలావాటిని సుకుమారం అనీ, అమ్మాయిల సోకులనీ తీసిపారేశారు. ఇప్పుడు చలికాలపు కారంటే ముందు చూడాల్సినవి ఇవే. కారు చూడ్డానికి వెళ్తే ఇంజన్ వేడి చేసి ఉంచొద్దని ముందే ఫోనులో చెప్పాలి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే ఆ కారు చల్లగా ఉన్నప్పుడు ఎలా లేస్తుందో మీకు తెలియనివ్వడం లేదని అర్థం. గడ్డకట్టే చలిలో బ్యాటరీ బలం బాగా పడిపోతుంది, అదే సమయంలో ఇంజన్ తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. అందుకే సెప్టెంబరులో బాగున్న బ్యాటరీ జనవరిలో మొరాయిస్తుంది. పావుగంట నడిపాక హీటర్ గాలి బాగా వేడిగా రావాలి. లోపల తియ్యటి వాసన వచ్చినా, ముందు అద్దం లోపలివైపు జిడ్డుగా ఆవిరి పట్టినా, హీటర్‌లోంచి ఆ గ్లైకాల్ కారుతోందని అనుమానించాలి. వెనక అద్దం మీది సన్నని తీగలు మంచు కరిగిస్తున్నాయో లేదో చూడాలి. ఇవి అడిగితే “మేడమ్‌కి హీటర్ కావాలట” అని నవ్వేవాళ్ళు ఉంటారు. నవ్వనివ్వండి.

కింద ఉన్న ఉప్పు

డెట్రాయిట్ నగరం కింద, వెయ్యి అడుగులకు పైగా లోతులో, ఒక ఉప్పు గని ఉంది. 1910 ప్రాంతం నుంచి తవ్వుతున్నారు. కార్లకి పుట్టిల్లు లాంటి ఊరు, కార్లని తినేసే ఉప్పు మీద కూర్చుని ఉందన్నమాట. మొదట్లో ఆ ఉప్పు తోళ్ళ పరిశ్రమకీ తిండి పదార్థాలకీ వెళ్ళేది. రోడ్ల మీద మంచు కరిగించడానికి ఉప్పు చల్లడాన్ని 1938లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం ప్రయోగంగా మొదలుపెట్టింది. యుద్ధం అయ్యాక పెద్ద రోడ్లన్నీ చలికాలంలో కూడా తెరిచి ఉంచాలన్న పట్టుదల పెరిగింది, దానితో ఉప్పూ పెరిగింది.

ఉప్పు ప్రాణాలు కాపాడుతుంది, అందులో సందేహం లేదు. కానీ ఆ ఉప్పు నీరు కారు అడుగున చేరి ఇనుముని కొరుకుతూనే ఉంటుంది. ఆవకాయ జాడీకి ఇనప మూత పెడితే ఏమవుతుందో మనకొకరు చెప్పాలా? 1980ల నుంచి కంపెనీలు జింకు పూసిన ఉక్కు ఎక్కువగా వాడటంతో పైన కనిపించే తుప్పు చాలా తగ్గింది. అదే ఇప్పుడు కొనేవాళ్ళకి వచ్చిన చిక్కు. పైన పటారం, లోన లొటారం. పైన రంగు ముత్యంలా మెరుస్తుంది, కింద చట్రం పొరలు పొరలుగా ఊడుతుంటుంది. బ్రేకులకి నూనె తీసుకెళ్ళే సన్నని గొట్టాలు కూడా అక్కడే ఉంటాయి. అవి తుప్పు పట్టి చిట్లితే బ్రేకు తొక్కినా పలకదు.

పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాల్లో ఏటా కారుని తనిఖీ చేయించాలి. మా మిషిగన్‌లో అలాంటి తనిఖీ లేదు. అంటే ఇక్కడ కారు అడుగు చూడాల్సిన బాధ్యత పూర్తిగా కొనేవాళ్ళదే. తలుపుల కింది అంచునీ, చక్రాల పైనుండే వంపునీ వేళ్ళతో తడిమి చూడండి. ఉబ్బిన రంగు చేతికి తెలుస్తుంది. మిగతాది లిఫ్ట్ మీద ఎత్తిస్తేనే తెలిసేది. అడుగున అప్పుడే కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే మరింత జాగ్రత్తగా చూడాలి. గోడకి చెమ్మ వచ్చిన చోట సున్నం వేసి ఇల్లు అమ్మేవాళ్ళు మనకి తెలుసు కదా.

నాలుగు చక్రాల మోజు

మంచు అనగానే మనవాళ్ళందరూ చెప్పే మాట, “నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం వెళ్ళే పెద్ద బండి తీసుకోండి” అని. దీని వెనక కూడా ఒక కథ ఉంది. జపాన్ ఉత్తరాన తొహొకు ప్రాంతంలో మంచు ఎక్కువ. అక్కడి విద్యుత్ సంస్థ, కొండల్లో తీగలు బాగుచేసే తన మనుషులకి జీపు కన్నా సుఖంగా ఉండే బండి కావాలని అడిగింది. దానికోసం మొదలైన పని 1972లో సుబారు లియోన్ అనే నాలుగు చక్రాల కారుగా బయటికి వచ్చింది. మంచులో కూరుకున్న చోటినుంచి కదలడానికీ, ఎత్తు ఎక్కడానికీ అది నిజంగా గొప్ప సాయం. అయితే ఆపేటప్పుడు, మలుపు తిప్పేటప్పుడు కారుని పట్టి ఉంచేది టైర్లే. అక్కడ నాలుగు చక్రాల బలానికి పెద్దగా పని లేదు.

టైర్ల సంగతి ఫిన్లాండ్‌లో తేలింది. 1934లో అక్కడి ఒక రబ్బరు కంపెనీ లారీలకోసం చలికాలపు టైరు చేసింది. రెండేళ్ళకి కార్లకీ చేసింది. ఆ కంపెనీయే ఇప్పటి నోకియన్. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కిందకి దిగితే గట్టిపడటం మొదలవుతుంది. చలికాలపు టైరు మెత్తగానే ఉండి రోడ్డుని పట్టుకుంటుంది. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం 2008 చలికాలం నుంచి వీటిని తప్పనిసరి చేసింది. అసలైన చలికాలపు టైరు పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు నక్షత్రం గుర్తు ఉంటుంది. టైరు మీద డీవోటీ అక్షరాల వరసలో చివరి నాలుగు అంకెలు అది పుట్టిన వారం, సంవత్సరం. 3519 అంటే 2019లో ముప్ఫయ్యయిదో వారం. పాల ప్యాకెట్ తేదీ చూసే మనకి ఇదేం పెద్ద పని కాదు.

ఇంకొక్క తేదీ గుర్తుపెట్టుకోండి. కారు జారి పక్కకి తిరగబోతే ఏ చక్రానికి ఎంత బ్రేకు వెయ్యాలో తనే చూసుకునే ఏర్పాటు ఒకటుంది, స్టెబిలిటీ కంట్రోల్ అంటారు. అమెరికాలో 2012 మోడల్ నుంచి ప్రతి కొత్త కారులోనూ అది తప్పనిసరి. అందుకే మా మరదలికి కారు వెతికేటప్పుడు 2012కి ముందువి నేను చూడనేలేదు.

కాగితాలు చెప్పేవి, చెప్పనివి

రాళ్ళేరే పని కొంతైనా చట్టం చేయకూడదా అంటే, కొంత చేసింది. కారు ఎన్ని మైళ్ళు తిరిగిందో చూపే మీటరుని వెనక్కి తిప్పడాన్ని 1972లో దేశమంతటా నేరం చేశారు. 1981 నుంచి ప్రతి కారుకీ పదిహేడు అక్షరాల గుర్తింపు సంఖ్య ఒకే పద్ధతిలో వచ్చింది. ఆ సంఖ్యతో వరదలో మునిగిందా, ప్రమాదంలో నుజ్జయిందా అన్న రికార్డులు తీయించవచ్చు. భద్రతా లోపానికి కంపెనీ వెనక్కి పిలిచిన కారేమో ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా చూసుకోవచ్చు.

పాత కార్లు అమ్మే డీలర్లు ప్రతి కారు అద్దానికీ ఒక కాగితం అంటించాలన్న నిబంధన 1985లో అమల్లోకి వచ్చింది. వారంటీ ఉందో, ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నారో అందులో ఉంటుంది. దాని ముందు కథ ఆసక్తిగా ఉంటుంది. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మొదట రాసిన నిబంధనలో, తమకి తెలిసిన లోపాలు డీలరు ఆ కాగితంలో చెప్పాలని కూడా ఉంది. 1982లో అమెరికా పార్లమెంటు దాన్ని కొట్టేసింది. అలా కొట్టేసే పద్ధతే చెల్లదని మరుసటి ఏడాది సుప్రీంకోర్టు అంది. అయినా చివరికి వచ్చిన నిబంధనలో ఆ మాట లేదు. అంటే ఫలానా చోట రాయి ఉందని చెప్పే పూచీ ఆ నిబంధనలో లేదు. మీ సొంత మెకానిక్ చేత చూపించుకోనిస్తారా అని అడగండి అన్న సలహా మాత్రం ఆ కాగితం మీద ఉంటుంది. మామూలు మనుషులు ఇంటి దగ్గర అమ్ముకునే కార్లకి ఆ కాగితమూ ఉండదు.

మేం మొదట చూసింది అలాంటి ఇంటి కారే. నాలుగు చక్రాల పెద్ద బండి, తెల్లగా తళతళలాడుతోంది. “వదినా, ఇది చూడు, ముత్యంలా ఉంది! ఎత్తుగా కూడా ఉంది, ధైర్యంగా ఉంటుంది,” అంది మరదలు. మా తమ్ముడు అప్పుడే బేరం మొదలుపెట్టాడు. “బేరం తర్వాత నాయనా, ముందు కింద చూడాలి,” అన్నాను. అమ్మే పెద్దమనిషి కొంచెం ముఖం మాడ్చుకున్నా, ఒప్పుకున్నాడు. రెండు వీధుల అవతల మాకు తెలిసిన మెకానిక్ నూట ఇరవై డాలర్లు తీసుకుని బండిని ఎత్తాడు. చట్రం మీద ఒకచోట స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. అప్పడంలో దిగినట్టు లోపలికి దిగిపోయింది. ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను. అది నడిపే దారిలో అరమైలు పొడవు వంతెన ఒకటుంది. ఆ దారే కళ్ళముందు కదిలింది నాకు.

ఆ తర్వాత మరో మూడు చూశాం. చివరికి తీసుకున్నది 2014 టయోటా కరోలా. ముందు చక్రాలకి మాత్రమే బలం వెళ్ళే కారు, ఇంజన్ బరువు కూడా ఆ చక్రాల మీదే ఉంటుంది. రంగు ఏ ప్రత్యేకతా లేని బూడిద రంగు. నడిపినావిడ రిటైరైన నర్సు. ఆయిల్ మార్చిన రసీదులన్నీ ఒక కవరులో తేదీల వారీగా పెట్టి ఇచ్చింది. ఆ కవరు చూశాకే నాకు సగం నమ్మకం కుదిరింది. మెకానిక్ కింద చూసి, తుప్పు పైపైనే ఉంది, గొట్టాలు బాగున్నాయి అన్నాడు. పెద్ద బండికి పెట్టాలనుకున్న డబ్బులో మిగిలినదానితో నాలుగు చలికాలపు టైర్లు, కొత్త బ్యాటరీ వేయించాం. “ఇంత చిన్న కారుతో మంచులో వెళ్తావా?” అని మా పిన్ని ఫోనులో ఒకటే గోల. ఆవిడకి టైర్ల మీది కొండ గుర్తు ఫోటో తీసి పంపింది కోడలు.

అకెర్లాఫ్ గారు ఆ వ్యాసంలో మన వీధి బజారునీ అమెరికా సూపర్‌మార్కెట్‌లోని డబ్బా సరుకునీ పోల్చి, సరుకులో ఈ హెచ్చుతగ్గుల బాధ తూర్పు దేశాల్లోనే ఎక్కువన్నాడు. బియ్యం విషయంలో అది నిజమే కావచ్చు. ఇక్కడ సంచీ విప్పి నేరుగా ఎసట్లో పోసేస్తున్నాం, మా పిల్లలకి చేట ఎలా పట్టుకోవాలో కూడా రాదు. కానీ పాత కారు దగ్గరికి వచ్చేసరికి ఈ దేశంలో కూడా చేట పట్టాల్సిందే. అది మనకి రాని విద్య కాదు. కూరగాయల బండి దగ్గర వంకాయ తొడిమ కింద పుచ్చు చూసే కళ్ళూ, చీర జరీని గోటితో గీరి చూసే వేళ్ళూ మనవి. కారు దగ్గర మాత్రం ఎందుకో అవి మూసుకుని, మగవాళ్ళు మాట్లాడుకుంటుంటే పక్కన నిలబడతాం.

ఈసారి మీ ఇంట్లోనో, అమెరికాలోనో కెనడాలోనో ఉన్న మీ అమ్మాయి ఇంట్లోనో సెకండ్ హ్యాండ్ కారు మాట వస్తే, రంగూ ధరా పక్కన పెట్టి వరసగా ఇవి అడగండి: చల్లటి ఇంజన్ ఎలా లేచింది, హీటర్ ఎంతసేపటికి వేడెక్కింది, టైరు పుట్టిన తేదీ ఏమిటి, రసీదులున్నాయా, లిఫ్ట్ మీద ఎత్తి చూపిస్తారా. చివరి ప్రశ్నకి కాదన్నవాళ్ళ కారు మనకొద్దు. కొన్నాక కూడా చలికాలంలో రెండు వారాలకోసారి కారు అడుగున ఉప్పు పోయేలా కడిగించండి.

మా మరదలికి ఇది మొదటి చలికాలం. రోజూ బడికి చేరగానే ‘వచ్చేశా వదినా’ అని ఒక మెసేజ్ పెడుతుంది. జనవరిలో ఒకరోజు మైనస్ పద్దెనిమిది సెల్సియస్. ఆరోజు మెసేజ్ నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. దారిలో కాఫీ కోసం ఆగిందట.